ఒకే తూకపు రాయి: కెనడా ప్రధాని జాన్ థాంప్సన్



ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన విచారణలలో ఒక మాట వినవస్తుంది. “మనవాడొకడు పైకి పోవాలండీ, మన పనులు వాటంతట అవే అవుతాయి” అని. ఈ మాట అనేవారిది దురాశ అని నేననను. బడికి గ్రాంటు, సమాధుల తోటకు స్థలం, కాలనీకి రోడ్డు – ఇవి అడిగి అడిగి అలసిపోయినవారి నోట వచ్చే మాట అది. అయితే ఆ ‘మనవాడు’ పైకి పోయిన తరువాత మనకు ఏమి బాకీ పడతాడు, మనవారు కానివారికి ఏమి బాకీ పడతాడు అన్న ప్రశ్న దగ్గర మాత్రం మనం ఎక్కువసేపు ఆగము. ఆ ప్రశ్నను ఉద్యోగ జీవితమంతా మోసిన ఒక కతోలిక గృహస్థుని గూర్చి ఈ వారం తెలుసుకుందాం. ఆయన న్యాయవాది, రాజకీయ నాయకుడు, న్యాయమూర్తి, మరల రాజకీయ నాయకుడు, చివరకు ఒక దేశానికి ప్రధానమంత్రి. పేరు జాన్ స్పారో డేవిడ్ థాంప్సన్.

థాంప్సన్ 1845 నవంబరు 10న కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా రాష్ట్రపు రేవు పట్టణమైన హాలిఫాక్సులో జన్మించారు. తండ్రి ఐర్లండు నుండి వలస వచ్చినవాడు. కుటుంబం మెథడిస్టు మతశాఖకు చెందినది. కలిగినవారు కారు. తండ్రి నేర్పిన షార్ట్‌హ్యాండ్ ఆ కుర్రవానికి తొలి ఆస్తి. లా చదువుతూనే శాసనసభ చర్చలను షార్ట్‌హ్యాండులో వ్రాసి సంపాదించేవాడు. 1865లో న్యాయవాదిగా నమోదయ్యాడు. ఇతరుల ఉపన్యాసాలను సంవత్సరాల తరబడి అక్షరం పోకుండా వ్రాసినవానికి, ఎక్కడ వాదన ఉందో ఎక్కడ గాలి ఉందో ఇట్టే తెలిసిపోతుంది కాబోలు. తరువాతి కాలంలో పార్లమెంటులో ఆయన తక్కువ మాట్లాడేవారనీ, మాట్లాడితే ఎదుటివారికి జవాబు దొరకడం కష్టమయ్యేదనీ పేరు.

ఆనీ ఆఫ్లెక్ అనే కతోలిక యువతిని ఆయన ప్రేమించారు. ఇరువైపుల ఇళ్లలో అభ్యంతరాలున్నాయి. ఆమెకు ఆయన వ్రాసిన ప్రేమలేఖలు షార్ట్‌హ్యాండులో ఉండేవి; ఇంట్లోవారి చేతికి చిక్కినా చదవలేరు! వివాహం 1870లో స్వంత ఊరిలో కాక, సరిహద్దు దాటి అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో జరిగింది. మరుసటి సంవత్సరం ఆయన శ్రీసభలో చేరారు. ఇది భార్యను సంతోషపెట్టడానికి వేసిన అడుగు కాదు. అప్పటికే పెండ్లి అయిపోయింది. మతం మారినందువల్ల లాభించేది ఏమీ లేదు, పోయేదే ఎక్కువ. ఆనాటి హాలిఫాక్సులో ప్రొటెస్టంటు కక్షిదారులు తన ఆఫీసు గుమ్మం ఎక్కడం మానివేస్తారని ఆయనకు తెలుసు. వకీలు పని పోయినా షార్ట్‌హ్యాండుతో ఇల్లు గడుపుకోవచ్చునని లెక్కవేసుకున్నారు. వారు భయపడినంతగా నష్టం జరుగలేదు. కాని ‘విశ్వాసం విడిచినవాడు’ అన్న నింద మాత్రం చివరి వరకు ఆయనను వెంటాడింది. పుట్టు కతోలికుని క్షమించగలిగినవారు కూడ మారిన కతోలికుని క్షమించలేకపోయారు.

1877లో ఆంటిగోనిష్ నియోజకవర్గం నుండి రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అక్కడి ఓటర్లలో ఎక్కువమంది స్కాట్లండు నుండి వచ్చిన కతోలికులు. పీఠాధిపతి జాన్ కామెరన్ వారు థాంప్సన్‌కు బాహాటంగా అండగా నిలిచారు. మరుసటి ఏడు రాష్ట్ర అటార్నీ జనరల్, 1882లో ముఖ్యమంత్రి. ఆ పదవి రెండు నెలలు కూడ నిలువలేదు. ఎన్నికలలో వారి పక్షం ఓడిపోయింది. ఆ వెంటనే, 36 ఏండ్ల వయస్సులో, ఆయనను నోవా స్కోషియా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. ఓడిపోయిన ముఖ్యమంత్రిని నేరుగా న్యాయపీఠం మీద కూర్చోబెట్టడం నేడైతే మనకు మింగుడుపడదు. ఆనాడు కెనడాలో అది మామూలు. నా మట్టుకు నాకు అది మంచి ఆచారమనిపించదు. కాని ఈ మనిషి విషయంలో పీఠమే ఆయన స్వస్థానం. హాలిఫాక్సులోని డల్‌హౌసీ కళాశాలలో 1883లో న్యాయశాస్త్ర శాఖ ఆరంభం కావడానికి తోడ్పడి, సాక్ష్య చట్టం పాఠాలు తానే చెప్పారు. తీర్పులు, పుస్తకాలు, పిల్లలు – ఇంతకంటె ఆయన కోరుకున్నది ఏమీ లేదు.

ఇక్కడ కొంచెం ఆగి, సెమినరీలో మాకు తత్వశాస్త్రం చెప్పిన గురువులు తరచు లేవనెత్తే ఒక చిక్కుప్రశ్న మీ ముందుంచుతాను. ముద్దాయి నిర్దోషి అని న్యాయమూర్తికి స్వంతంగా తెలుసు. కాని సాక్ష్యమంతా అతనికి వ్యతిరేకంగా ఉంది. న్యాయమూర్తి ఏమి చేయాలి? పునీత థామస్ అక్వినాస్ వారు తమ మహాగ్రంథమైన సుమ్మాలో దీనికి ఇచ్చిన జవాబు వినడానికి కఠినంగా ఉంటుంది. సాక్షులను మరింత గట్టిగా పరీక్షించాలి. తప్పు దొరికితే ముద్దాయిని విడుదల చేయాలి. వీలైతే కేసును పై అధికారికి పంపాలి. ఇవేవీ కుదరకపోతే సాక్ష్యాన్ని అనుసరించే తీర్పు చెప్పాలి. ఎందుకంటే తీర్పు చెప్పేది ఆ వ్యక్తి కాదు, సమాజం అప్పగించిన ఆ స్థానం. తనకు విడిగా తెలిసినదీ, తన ఇష్టమూ, తన కోపమూ, తన మతస్తుల మీద తన మమకారమూ – ఇవి ఆ స్థానానికి చెందినవి కావు. ‘మనస్సాక్షిని చంపుకోవడం కాదా ఇది?’ అని మీరు అడగవచ్చు. కాదు. న్యాయమూర్తి తన ఇష్టాన్ని చట్టంగా చలామణి చేయకుండా నిలువరించేది కూడ మనస్సాక్షియే. థాంప్సన్ ఈ అధ్యాయం చదివారో లేదో నాకు తెలియదు గాని, తరువాతి తొమ్మిదేండ్లు ఆయన బ్రతికిన తీరు దీనికి వ్యాఖ్యానంలా ఉంటుంది.

1885 సెప్టెంబరులో ప్రధాని సర్ జాన్ మక్‌డొనాల్డ్ ఆయనను న్యాయపీఠం నుండి దింపి కేంద్ర న్యాయశాఖ మంత్రిని చేశారు. థాంప్సన్ సులభంగా ఒప్పుకోలేదు. వెళ్లమని ప్రోత్సహించినవారిలో ముఖ్యురాలు ఆయన భార్య. భర్త శక్తి హాలిఫాక్సు కోర్టులో ముడుచుకుపోతున్నదని ఆమె అభిప్రాయం. తన జీవితంలో తాను కనుగొన్న గొప్ప నిధి థాంప్సనేనని మక్‌డొనాల్డ్ తరువాత చెప్పుకునేవారు.

మంత్రి పదవి చేపట్టేనాటికి రెజైనా పట్టణపు జైలులో ఒక కతోలికుడు ఉరిశిక్ష పడి ఉన్నాడు. పేరు లూయీ రియేల్. ఫ్రెంచి, ఆదివాసి రక్తాలు కలిసిన మెటీసు ప్రజలకు నాయకుడు. తమ భూములు పోతున్నాయని వారు 1885లో పశ్చిమ కెనడాలో తిరుగుబాటు చేశారు. ఆరుగురు సభ్యుల జ్యూరీ అతన్ని దోషి అన్నది, కాని దయ చూపమని సిఫారసు చేసింది. అప్పీళ్లు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాక పోయి విఫలమయ్యాయి. ఫ్రెంచి కతోలిక క్విబెక్ అంతా క్షమాభిక్ష కోరింది. ఆంటారియోలోని ప్రొటెస్టంటులు ఉరి కోరారు. ఆఖరి నిర్ణయాల వేళ థాంప్సన్ అనారోగ్యంతో మంచం పట్టి ఉన్నారు. నవంబరు 16న రియేల్‌ను ఉరితీశారు.

మరుసటి మార్చిలో, ఈ ఉరికి విచారం తెలుపుతూ ఒక తీర్మానం పార్లమెంటు ముందుకు వచ్చింది. ప్రభుత్వం తరఫున సమాధానం చెప్పవలసినవాడు కొత్త మంత్రి, అందులోను కతోలికుడు. థాంప్సన్ లేచి విచారణ చట్టప్రకారమే జరిగిందని వివరించారు. సరిహద్దు సీమలోని ఆదివాసులను యుద్ధానికి ఉసిగొల్పినవాడు దాని ఫలితాన్నుండి తప్పించుకోజాలడని వాదించారు. తీర్మానం 52కు 146 ఓట్లతో వీగిపోయింది. ఒక్క ఉపన్యాసంతో ఆయన దేశమంతటికీ తెలిసిపోయారు.

ఈ విషయంలో ఆయనను పూర్తిగా సమర్థించడానికి నా కలం సాగదు. న్యాయమూర్తి చట్టానికి కట్టుబడవలసినదే. కాని క్షమాభిక్ష న్యాయమూర్తి పని కాదు, ప్రభుత్వపు పని. అక్కడ చట్టం చేతులు కట్టివేయదు. జ్యూరీయే దయ చూపమన్నప్పుడు, భూమి పోయినవాని ఆక్రోశం కళ్లెదుట ఉన్నప్పుడు, ‘చట్టప్రకారం జరిగింది’ అనడం సగం జవాబే. అదే నెలలో, నవంబరు 27న, బాటిల్‌ఫర్డ్‌లో ఎనిమిది మంది ఆదివాసులను కూడ ఉరితీశారని మరువరాదు. కెనడా సాధారణ చట్టం నుండి మరణశిక్షను 1976లో తొలగించింది. 2018లో పోపు ఫ్రాన్సిస్ వారు మరణశిక్ష ఏ పరిస్థితిలోను ఆమోదయోగ్యం కాదని సత్యోపదేశ గ్రంథంలో చేర్పించారు. మానిటోబా రాష్ట్రం 2023లో రియేల్‌కు తమ తొలి ముఖ్యమంత్రి అన్న గౌరవ బిరుదునిచ్చింది. రియేల్ తరఫున వాదించిన యువ న్యాయవాదులలో ఒకరైన చార్లెస్ ఫిట్జ్‌పాట్రిక్ కూడ కతోలికుడే. ఆయనా తరువాత న్యాయశాఖ మంత్రి అయి, 1906లో కెనడా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒకే విశ్వాసం గల ఇద్దరు ఒకే కేసులో చెరియొక వైపు నిలబడ్డారు. ఎవరి విశ్వాసాన్నీ మనం శంకించనక్కరలేదు.

ఇక అసలు పరీక్ష రెండు చట్టాల రూపంలో వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక, ఎందుకంటే విడివిడిగా చూసినవారందరూ థాంప్సన్‌ను అపార్థం చేసుకున్నారు. ముందుగా ఒక సంగతి: కెనడా రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రం చేసిన చట్టాన్ని కేంద్ర ప్రభుత్వం రద్దుచేయవచ్చును. రద్దుచేయమనో వద్దనో సలహా చెప్పేది న్యాయశాఖ మంత్రి.

మొదటిది యేసుసభ గురువుల ఆస్తుల చట్టం. 1773లో పోపుగారు యేసుసభను రద్దుచేశారు. మన తెలుగు సీమలో కర్నాటక మిషను పేరిట శ్రమించిన ఫ్రెంచి గురువుల సభ కూడ ఇదే. ఆ ఉత్తర్వు ఇక్కడా అక్కడా ఒక్కటే. క్విబెక్‌లో చివరి యేసుసభ గురువు 1800లో మరణించగానే వారి ఆస్తులన్నీ బ్రిటిషు ప్రభుత్వం తీసుకున్నది. సభ తిరిగి ఏర్పడి, గురువులు మరల కెనడా వచ్చిన తరువాత, 1888లో క్విబెక్ ప్రభుత్వం నష్టపరిహారంగా 4 లక్షల డాలర్లు ఇస్తూ చట్టం చేసింది. దానిని కతోలిక సంస్థల మధ్య పంచే బాధ్యత పోపు 13వ లియో వారికి అప్పగించింది. ప్రొటెస్టంటు విద్యకు కూడ 60 వేల డాలర్లు కేటాయించింది. ‘బ్రిటిషు గడ్డ మీద పోపుగారి పెత్తనమా?’ అని ఆంటారియో భగ్గుమంది. చట్టాన్ని రద్దుచేయాలని ఒత్తిడి వచ్చింది. థాంప్సన్ కదలలేదు. ఇది క్విబెక్ డబ్బు, క్విబెక్ అధికార పరిధి. మనకు నచ్చినా నచ్చకపోయినా జోక్యం తగదన్నారు. 1889 మార్చిలో పార్లమెంటు 13కు 188 ఓట్లతో ఆయన వైపే నిలిచింది. కతోలికులు మెచ్చుకున్నారు. ‘మతం మారినవాడు మతానికి పని చేసిపెట్టాడు’ అని ప్రత్యర్థులు అన్నారు.

రెండవది మరుసటి ఏడే వచ్చింది. 1890లో మానిటోబా రాష్ట్రం కతోలిక బడులకు ప్రభుత్వ సహాయం నిలిపివేసి, అందరికీ ఒకే రకపు బడులని చట్టం చేసింది. కతోలికులు పన్ను కట్టాలి, తమ పిల్లల బడికి మరల చందా వేసుకోవాలి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు మన రాజ్యాంగం 30వ అధికరణం ఎంత అవసరమో తెలిసిన మనకు ఆ తల్లిదండ్రుల బాధ వివరించనక్కరలేదు. సెయింట్ బోనిఫాస్ అగ్రపీఠాధిపతి తాషే వారు చట్టాన్ని రద్దుచేయమని ప్రాధేయపడ్డారు. న్యాయశాఖ మంత్రి మనవాడు. ఒక్క సంతకం చాలు.

థాంప్సన్ ఆ సంతకం పెట్టలేదు. క్విబెక్‌కు ఏ సూత్రం చెప్పారో మానిటోబాకూ అదే చెప్పారు: రాష్ట్రపు చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే ఆ సంగతి కోర్టు చెప్పాలి. కేసు నడిచింది. 1891లో కెనడా సుప్రీంకోర్టు కతోలికుల పక్షాన తీర్పు చెప్పింది. 1892లో లండన్ ప్రీవీ కౌన్సిల్ దానిని కొట్టివేసింది! అయినా రాజ్యాంగంలో ఇంకొక తలుపు ఉంది: అన్యాయం జరిగిన అల్పసంఖ్యాకులు కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చును. ఆ అప్పీలు వచ్చినప్పుడు థాంప్సన్ మంత్రివర్గాన్ని ఒక న్యాయస్థానంలాగ కూర్చోబెట్టి వాదనలు విన్నారు. అసలు ఈ అప్పీలు వినే అధికారం మాకు ఉన్నదా అని మరల కోర్టునే అడిగారు. సంవత్సరాలు దొర్లాయి. 1894 జూన్‌లో తాషే వారు తమ బడులు తిరిగి రావడం చూడకుండానే కన్నుమూశారు.

ఆ జాప్యానికి వెల కట్టినవారు పిల్లలు. దీనిని దాచడం నా ఉద్దేశం కాదు. అయితే ఒక్కటి ఆలోచించండి. మానిటోబా చట్టాన్ని ఆయన తన కలంతో కొట్టివేసి ఉంటే, నిన్న క్విబెక్ చట్టాన్ని కొట్టివేయమన్న ఆంటారియోవారికి ఏమని జవాబు చెప్పేవారు? మనకు అనుకూలమైనప్పుడు రాష్ట్రాల హక్కు, ప్రతికూలమైనప్పుడు కేంద్రపు అధికారం – ఇలా రెండు రాళ్లతో తూచే వ్యాపారి కొట్టుకు మనమైనా రెండోసారి వెళతామా?

ఈ మధ్యలోనే 1891 జూన్‌లో మక్‌డొనాల్డ్ మరణించారు. గవర్నర్ జనరల్ ప్రభుత్వం ఏర్పాటు చేయమని థాంప్సన్‌ను పిలిచారు. ఆయన కాదన్నారు. కతోలికుడు, అందులోను మతం మారినవాడు ప్రధాని అయితే పక్షం చీలిపోతుందని ఆయన లెక్క. వృద్ధుడు, అస్వస్థుడు అయిన ఆబట్ ప్రధాని కాగా, దిగువ సభలో బరువంతా థాంప్సనే మోశారు. 1892లో ఆ బరువుతోనే కెనడాకు తొలి నేర శిక్షాస్మృతిని సభ చేత ఆమోదింపజేశారు. అది 1893 జూలై 1న అమలులోకి వచ్చింది. దానికి మాతృక ఇంగ్లాండులో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ సిద్ధపరచిన ముసాయిదా. ఈ స్టీఫెనే మన దేశంలో వైస్రాయి సభలో న్యాయసభ్యునిగా ఉండి 1872 నాటి సాక్ష్య చట్టాన్ని వ్రాసినవారు. మన కోర్టులలో 2024 జూలై 1 వరకు నడిచినది అదే ‘ఎవిడెన్స్ యాక్టు’. ఇంగ్లాండు మాత్రం ఆయన శిక్షాస్మృతిని తన ఇంట అమలుచేయలేదు!

ఆబట్ ఆరోగ్యం క్షీణించి తప్పుకోగా, 1892 డిసెంబరులో థాంప్సన్ ప్రధాని అయ్యారు. కెనడాకు తొలి కతోలిక ప్రధాని ఆయనే. ఆయన ప్రభుత్వంలో సుంకాల శాఖ చూసిన క్లార్క్ వాలెస్, ఆరెంజ్ సంఘానికి దేశాధ్యక్షుడు. కతోలికుల చేతికి అధికారం పోరాదని ఊరూరా ఊరేగింపులు తీసే సంఘమది. అటువంటివానిని పక్కన కూర్చోబెట్టుకోవడం రాజకీయపు లెక్కే కావచ్చును, కాని అందరికీ చేతనయ్యే లెక్క కాదు. 1893లో అమెరికాకు బ్రిటనుకు మధ్య బేరింగ్ సముద్రపు సీలు వేట తగాదా పారిస్‌లో మధ్యవర్తుల ముందుకు రాగా, బ్రిటన్ పక్షం నియమించిన ఇద్దరిలో థాంప్సన్ ఒకరు. ఆ నెలలలో ఆయన మరల న్యాయపీఠం మీద కూర్చున్నట్లయింది.

శరీరం మాత్రం సహకరించలేదు. స్థూలకాయం, గుండె జబ్బు. 1894 చివరలో ఐరోపా వెళ్లి, రోములో పునీత పేతురు దేవాలయపు గోపురం ఎక్కారు. డిసెంబరు 12న విండ్సర్ కోటలో విక్టోరియా రాణి సమక్షంలో ప్రీవీ కౌన్సిల్ సభ్యునిగా ప్రమాణం చేశారు. ఆ వెంటనే భోజనపు బల్ల వద్ద స్పృహ తప్పారు. తేరుకుని, మరల కూలిపోయి అక్కడే ప్రాణం విడిచారు. వయస్సు 49. శవపేటిక మీద రాణి స్వయంగా పుష్పచక్రం ఉంచారు. నలుపు రంగు వేసిన ‘బ్లెన్‌హైమ్’ యుద్ధనౌకలో భౌతికకాయాన్ని హాలిఫాక్సు చేర్చి, 1895 జనవరి 3న సెయింట్ మేరీస్ కతెడ్రలులో దివ్యపూజ అనంతరం హోలీ క్రాస్ సమాధుల తోటలో భూస్థాపితం చేశారు. తొమ్మిదేండ్లు మంత్రిగా, ప్రధానిగా ఉన్న మనిషి వెనుక మిగిలిన ఆస్తి స్వల్పం. ఆనీకీ, బ్రతికి ఉన్న ఐదుగురు పిల్లలకూ జీవనాధారం కోసం దేశంలో చందాలు పోగుచేశారు.

భూస్థాపన జరిగి నెల తిరుగకముందే, జనవరి 29న, లండన్ నుండి తీర్పు వచ్చింది. మానిటోబా కతోలికుల అప్పీలు వినే అధికారం కేంద్రానికి ఉన్నదని అందులో తేలింది. కోర్టు నోట రావాలని ఆయన పట్టుబట్టిన మాట అదే. దానిని పట్టుకుని ముందుకు నడిపించగలవారు మాత్రం మిగలలేదు. తరువాత వచ్చిన మంత్రివర్గం తనలో తాను కలహించుకుంది. బడుల బిల్లు 1896లో సభలో ముందుకు సాగక ఆగిపోయింది. ఆ ఏడు ఎన్నికలలో ప్రతిపక్షనేత లోరియే గెలిచి, మానిటోబాతో రాజీ కుదుర్చుకున్నారు. బడి ముగిసే వేళ చివరి అరగంట మతబోధ చేసుకోవచ్చును – దక్కినది ముఖ్యంగా అంతే. 1897 డిసెంబరులో పోపు 13వ లియో వారు కెనడా పీఠాధిపతులకు లేఖ వ్రాస్తూ, ఆ రాజీ లోపభూయిష్టమైనదని, చాలనిదని చెప్పి, అయినను దొరికినంత మేరకు వాడుకుంటూ మిగిలిన దాని కొరకు అడుగుతూ ఉండమన్నారు.